వేలికణుపుతో కొట్టి

మార్కాపురం, కంభం రోడ్డు, నా కొట్టు.
జిరాక్సు, లామినేషన్, నెట్టు, పాన్ కార్డులు.
ఒక కంప్యూటరు, రెండు స్టూళ్లు,
కరెంటు పోతే పదకొండు నిమిషాలు ఊపిరి పట్టే బ్యాటరీ.

జనవరి నుంచి బ్రౌజరు నెత్తిన ఒక పసుపు గీత:
ఈ కంప్యూటరుకి ఇక కొత్త వెర్షన్లు రావు.
పక్కన ఇంటూ గుర్తు నొక్కితే పోద్ది.
మర్నాడు షట్టరు ఎత్తేసరికి
అప్పిచ్చినోడిలా మళ్లీ అక్కడే.

నిన్న కాలేజీ ఫీజుల సైటు తెల్లమొహం వేసింది.
గుండ్రం తిరిగింది, తిరిగింది.
ఎదురుగా ఏడుగురు పిల్లలు
నా వంకే చూస్తన్నారు, నేనే ఆపినట్టు.

ఒంగోల్లో డిప్లొమా చదివే చిన్నాన్న కొడుకు ఇమ్మానియేలుకి ఫోన్ చేశా.
"మిషనే మార్చక్కా."
"డబ్బులు నువ్వు పంపు."
కాసేపు ఆగాడు.
"అయితే నక్క బొమ్మది ఎక్కించుకో.
నీలం అల, సింహం బొమ్మ, అయ్యేవీ నీ దానిమీద నిలవవు.
నక్క ఇంకొన్నాళ్లు లాగుద్ది."

మా నాయన పలకల ఫ్యాక్టరీలో ఇరవైరెండేళ్లు చేశాడు.
రాయి చేతికొస్తే ముందు చూసేవాడు కాదు,
చెవి దగ్గర పెట్టుకుని వేలికణుపుతో కొట్టేవాడు.
ఖణేల్‌మంటే చట్రంలోకి,
బొద్దుమంటే పెంకుల గుట్టమీదికి.
నున్నగుందల్లా పలక కాదు పాపా, అనేవాడు,
దగ్గు ఆగినప్పుడు.

దీన్ని యాడ కొట్టి వినాలి నాయనా?

రాత్రి షట్టరు సగం దించి
రెంటినీ పక్కపక్కన కూచోబెట్టా.
హాల్‌టికెట్టు పేజీ పాతదాంట్లో నలభై సెకన్లు,
నక్కలో ఇరవైతొమ్మిది.
నాలుగు ట్యాబులు తెరిస్తే పాతదానికి ఆయాసం,
ఫ్యాను పొయ్యిగొట్టంలా ఊదుద్ది.
నక్క నెమ్మదస్తురాలు. కానీ
ప్రింటు తీస్తే తాసిల్దారు ముద్ర సగం తెగింది,
వేలిముద్ర మిషన్ని చూసి
నువ్వెవరన్నట్టు ఊరుకుంది.

ఇంకోటి.
పాతదానికి ఊరు తెలుసు.
ఒక్క అక్షరం కొడితే చాలు
పేర్లు గుమ్మంలోకొచ్చి నిలబడతాయి, ఫోన్ నంబర్లతో సహా.
'మ' అంటే ముందు వచ్చేది మాలకొండయ్య.
ఆయన పోయి రెండేళ్లు.
ఒక్క నొక్కుతో తీసెయ్యొచ్చు, తియ్యలా.
చివరిసారి చిల్లర లేక
మూడు రూపాయలు నేనే బాకీ పడ్డా.

బుక్‌మార్కులన్నీ నక్క ఇంటికి నడిచొచ్చాయి,
పాస్‌వర్డులూ బుద్ధిగా వచ్చాయి.
పేర్లు రాలా.

పొద్దున మొదటి బేరం గాలెమ్మ, కరెంటు మీటరు అర్జీ.
'గ' కొట్టా.
ఖాళీ గడి. గీత ఒక్కటే ఆరతా వెలగతా.
"పేరు చెప్పు, ఇంటిపేరుతో."
"అదేందే, నీకు తెలవదా?"
"నాకు తెలుసు. దీనికి తెలవదు."
అనుమానంగా చూసి, నిదానంగా,
బియ్యంలో రాళ్లేరినట్టు చెప్పింది:
ఉప్పలపాటి. గాలెమ్మ.

ఆగిపోయా.
పాతదాన్ని తెరిచి చూస్తే
ఉప్పుటూరి గాలెమ్మ.
ఆరేళ్లు.
ఒక్కసారి నేను తప్పు విన్నా,
అది ఒక్కసారీ మర్చిపోలా.
అర్జీలు, రసీదులు, రేషను కార్డు మార్పు,
తిరిగొచ్చినయ్యి ఎన్నో, ఎందుకొచ్చాయో.

"చెప్పలేదేం గాలెమ్మా?"
"నాకు చదువా సంధ్యా? నువ్వడిగితేగా."

కొత్తది ఉంచేశా.
పాతదాన్నీ తియ్యలా, వేలిముద్రలకి కావాలి,
మూలన పడుంటది
మూడు రూపాయల లెక్కతో.

గాలెమ్మ ముందుకు వంగి
వేలికణుపుతో అద్దంమీద టక్కున కొట్టింది.
"ఇదేంది, నక్కా?"
ఎట్టా మోగిందో వినేలోపు
ప్రింటరు కాగితం మింగి ఆగింది,
వెనక ఎవరో అరిచారు,
అక్కా, నాది ఎంతసేపు?

"ఎవరు నాయనా, పేరు చెప్పు."